హాస్కెల్ పార్సర్: టెస్టులన్నీ పాస్, మండీ లెక్క మాత్రం తేలడం లేదు

మామిడి_లెక్క
జూన్ 14, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా ఒకచోట ఇరుక్కుపోయాను. నేను తిరుపతిలో పనిచేస్తున్నాను, మా ఆఫీసులో హాస్కెల్ ప్రోగ్రామింగ్ భాష తెలిసినవాళ్ళు ఎవరూ లేరు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మా మామకి దామలచెరువులో మామిడి మండీ ఉంది. సీజన్‌లో రోజుకి నలభై యాభై లోడ్లు కాటా మీదికి వస్తాయి. గుమాస్తా ఒక్కో లోడునీ ఒక్కో వరుసగా ఫోన్‌లో టైప్ చేసి, రాత్రికి చీటీ మొత్తం నాకు వాట్సాప్‌లో పంపుతాడు. రకం పేరు, బరువు కిలోల్లో, కిలో రేటు, చివర తరుగు. తరుగు ఒక్కోసారి శాతం, ఒక్కోసారి ఇన్ని కిలోలని. తరుగు లేని లోడ్లూ ఉంటాయి.

తోతాపురి 1240 9 3%
నీలం 860 14 25

దీన్ని చదివి ముక్కలుగా విడగొట్టే ప్రోగ్రామ్, అంటే పార్సర్, హాస్కెల్‌లోని పార్సెక్ లైబ్రరీతో రాశాను. పేరుకి లెటర్ (ఒక అక్షరం), సంఖ్యలకి డిజిట్ (ఒక అంకె), రెండూ మెనీవన్‌తో (ఒకటి లేదా ఎక్కువ). ప్రతి ముక్క తరువాత స్పేసెస్ (ఖాళీలు దాటించేది). ఒక వరుసకి 'లోడు' అనే పార్సర్. చీటీ మొత్తానికి ఆ లోడు మీద ట్రై, దాని మీద మెనీ (ఎన్ని దొరికితే అన్ని).

టెస్టులకి హెచ్‌యూనిట్ అనే లైబ్రరీ వాడాను. వచ్చిన ఫలితాన్ని నేను అనుకున్న విలువతో పోల్చబోతే కంపైలర్ ఒప్పుకోలేదు, లోడు టైపుకి ఈక్యూ ఇన్‌స్టెన్స్ (రెండు విలువలు సమానమా అని చూసే వీలు) లేదంది. సరేనని డిరైవింగ్ (దాన్ని కంపైలరే రాసిపెట్టే సదుపాయం) పెడితే తరుగు ఫీల్డు వల్ల అదీ కుదరదంది. తరుగుని ఫంక్షన్‌గా పెట్టుకున్నాను: బరువు ఇస్తే తరుగు పోను మిగిలిన బరువు ఇస్తుంది. దాంతో పోల్చడం మానేసి, ఫలితం రైట్ (విజయం; విఫలమైతే లెఫ్ట్) అయిందా లేదా అన్నంతవరకే చూశాను. 31 టెస్టులు, అన్నీ పాస్.

నిన్న రాత్రి మామ పుస్తకంలో మొత్తానికీ నా ప్రోగ్రామ్ ఇచ్చిన మొత్తానికీ సగానికి పైగా తేడా వచ్చింది. ఎర్రర్ ఒక్కటీ లేదు. రైతులకి డబ్బు ఇచ్చే లెక్క ఇది. మామ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. పుస్తకం తీసి చేత్తో మళ్ళీ కూడుకున్నాడు. అది చూశాక నాకు నిద్ర పట్టలేదు. పార్సర్ ఔట్‌పుట్‌ని మీరంతా ఎలా టెస్ట్ చేస్తారు?


పద్మావతీపురం_టెస్టర్
జూన్ 14, రాత్రి 11:41

తమ్ముడూ, టెస్టుల సంగతి తరువాత చూద్దాం. నిన్నటి చీటీలో ఎన్ని వరుసలు? పార్సర్ ఇచ్చిన లిస్టులో ఎన్ని లోడ్లు? ముందు ఈ రెండు నంబర్లు చెప్పు.


మామిడి_లెక్క
జూన్ 14, రాత్రి 11:58

43 వరుసలు. లిస్టులో 17.

అక్కా, 18వ వరుస ఇప్పుడు చూశాను. మధ్యాహ్నం గుమాస్తా ఫోన్‌లో చార్జింగ్ అయిపోయి, వాళ్ళబ్బాయి ఫోన్ తీసుకున్నాడట. దాంట్లో తెలుగు కీబోర్డు ఉంది. అప్పటిదాకా ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చిన పేర్లు అక్కడినుంచి తెలుగులో వచ్చాయి. పైన నేను చూపించిన రెండు వరుసలూ ఆ తరువాతివే. నా 31 టెస్టుల్లో తెలుగు పేరు ఒక్కటీ లేదు.


కపిలతీర్థం_లాంబ్డా
జూన్ 15, ఉదయం 6:30

ఇందులో రెండు తప్పులు కలిసి ఉన్నాయి. మొదటిది తెలుగు పేరు చదవలేకపోవడం. రెండోది, చదవలేకపోయానని పార్సర్ చెప్పకపోవడం. రెండోదే ప్రమాదకరం, అందుకని దాని గురించే ముందు చెప్తాను.

పార్సెక్‌లో మెనీ ఎప్పుడు ఆగుతుందో చూడు. లోపలి పార్సర్ ఒక్క అక్షరం కూడా తినకుండా విఫలమైతే, ఇక ఇలాంటివి లేవు కాబోలు అనుకుని మెనీ అక్కడికి ఆపి, అప్పటిదాకా పోగైనవి ఇస్తుంది. అది విజయమే. కొంత తిన్నాక విఫలమైతే మాత్రం మెనీ కూడా విఫలమవుతుంది. నువ్వు లోడు మీద ట్రై పెట్టావు. ట్రై చేసే పని, తిన్నదాన్ని తిననట్టుగా వెనక్కి పెట్టడం. 18వ వరుసలో లోడు సగంలో విఫలమైంది, ట్రై దాన్ని కప్పేసింది, మెనీ 17తో సంతృప్తి పడింది. చివర ఈఓఎఫ్ (ఇన్‌పుట్ అయిపోయిందా అని చూసే పార్సర్) లేదు కాబట్టి మిగిలిన 26 వరుసల గురించి ఎవరూ అడగలేదు.

ఆ ట్రై తీసెయ్. చీటీ పార్సర్ చివర ఈఓఎఫ్ పెట్టు. అదే చీటీని మళ్ళీ ఇచ్చి, వచ్చిన ఎర్రర్‌ని ఇక్కడ పెట్టు.

టెస్టుల్లో కూడా ఒక వరుస పార్సర్‌ని ఒంటరిగా పరీక్షించకు. ఈఓఎఫ్‌తో కలిపి నడిపే చిన్న సహాయ ఫంక్షన్ ఒకటి రాసుకుని, ప్రతి టెస్టూ దానిగుండానే పోయేలా చెయ్యి. రైట్ వచ్చిందంటే 'మొదట్లో ఏదో దొరికింది' అని మాత్రమే. అంతా చదివానన్న హామీ ఈఓఎఫ్ ఉంటేనే వస్తుంది.


మామిడి_లెక్క
జూన్ 15, ఉదయం 8:05

పెట్టాను అన్నా. 18వ వరుస, 2వ కాలమ్ అంటోంది. అనుకోనిది "\3147" వచ్చిందట. ఎదురుచూసినవి లెటర్, వైట్ స్పేస్, డిజిట్. 3147 అంటే ఏమిటి?


బంగారుపాళ్యం_బిడ్డ
జూన్ 15, ఉదయం 8:22

3147 అంటే ఓత్వం. తోతాపురిలోని మొదటి 'తో' నీ కంటికి ఒక అక్షరం. ప్రతి గుర్తుకీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో అది రెండు కోడ్‌పాయింట్లు (సంఖ్యలు): త 3108, దాని మీది ఓత్వపు గుర్తు 3147. విలువని పాఠ్యంగా చూపించే హాస్కెల్ షో ఫంక్షన్ ఆస్కీ (ఇంగ్లీషు అక్షరాలుండే పాత సమితి) దాటిన ప్రతి క్యారెక్టర్‌నీ ఇలా దశాంశ పద్ధతి సంఖ్యగా రాస్తుంది. నీ పార్సర్ 'త' వరకు చదివి, ఓత్వం దగ్గర ఆగిపోయింది.

పార్సెక్ లెటర్ వెనకాల ఉన్నది ఈజ్‌ఆల్ఫా, అక్షరమా కాదా చెప్పే ఫంక్షన్. అచ్చులు, హల్లులు దానికి అక్షరాలే. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న మాత్రం యూనికోడ్ లెక్కలో 'మార్క్' అనే వేరే తరగతి. వాటికి ఈజ్‌ఆల్ఫా ఫాల్స్ ఇస్తుంది.

నేను మామిడి తోటల ఊళ్ళో పుట్టినదాన్ని, ఫాంట్ల పని చేస్తుంటాను. మన రకాల పేర్లు సరిగ్గా ఇలాంటి చోటే విరిగిపోతాయి. నీలంలో దీర్ఘం, సున్న. మల్లికలో ఒత్తు. ఒక్క గుర్తు కూడా లేని తెలుగు పేరు కోసం వెతుక్కోవాలి.


రేణిగుంట_విద్యార్థి
జూన్ 15, ఉదయం 9:10

నేను డిగ్రీ రెండో సంవత్సరం. మాకు టెస్టింగ్ అంటే ప్రోగ్రామ్ రన్ చేసి స్క్రీన్ చూడమన్నారు. ఒక చిన్న సందేహం. గుణింతపు గుర్తు అక్షరం కాదని యూనికోడ్ ఎందుకు అంటుంది? చిన్నప్పుడు మనం క, కా, కి, కీ అని అన్నిటినీ అక్షరాలుగానే నేర్చుకున్నాం కదా?


పాఠాల_సార్
జూన్ 15, మధ్యాహ్నం 1:15

బాబూ, మంచి ప్రశ్న. మనం నేర్చుకున్నదీ తప్పు కాదు, యూనికోడ్ చేసిందీ తప్పు కాదు. తెలుగుకి యూనికోడ్‌లో 128 స్థానాల జాగా ఉంది, 3072 నుంచి 3199 వరకు. గుణింతాలన్నీ, వాటి మీద ఒత్తులన్నీ విడివిడిగా పెడితే ఆ జాగా ఎటూ చాలదు. అక్కడ హల్లుకి ఒక సంఖ్య, దానికి తగిలించే గుర్తుకి ఒక సంఖ్య ఇచ్చి, కలిపి గీసే పని ఫాంట్‌కి వదిలారు. మన అక్షరం అనే ఊహ హాస్కెల్ క్యార్ (ఒక్క కోడ్‌పాయింట్) అనే టైపు కన్నా పెద్దది. తెలుగు పాఠ్యాన్ని చదివే పార్సర్ రాసేవాళ్ళు దీన్ని మొదటి రోజే తెలుసుకోవాలి. ఇది పాఠ్యపుస్తకాల్లో కనబడదు, అందులో ఉదాహరణలన్నీ ఇంగ్లీషు పదాలే.

అంకెల దగ్గరా ఇదే జాగ్రత్త. ఈజ్‌డిజిట్ 0 నుంచి 9 వరకే ఒప్పుకుంటుంది. ౧, ౨, ౩ లాంటి తెలుగు అంకెలు 3174 నుంచి 3183 వరకు ఉంటాయి, వాటికి ఈజ్‌డిజిట్ ఫాల్స్. వాటినీ తీసుకుందామని ఈజ్‌నంబర్ పెట్టి, ఆ తరువాత డిజిట్‌టుఇంట్ (అంకెని విలువగా మార్చే ఫంక్షన్) వాడారనుకోండి, ప్రోగ్రామ్ రన్ అవుతుండగానే ఎర్రర్‌తో పడిపోతుంది. 3174 తీసేసి విలువ కట్టే చిన్న ఫంక్షన్ మనమే రాసుకోవాలి.


కపిలతీర్థం_లాంబ్డా
జూన్ 15, రాత్రి 9:40

ఇప్పుడు ఆ తరుగు ఫీల్డు. నీ టెస్టులు బలహీనపడింది నిజానికి అక్కడే.

ఫంక్షన్లని పోల్చడం కుదరదు. రెండు ఫంక్షన్లు ఒకటేనా అని చెప్పాలంటే ప్రతి ఇన్‌పుట్‌కీ రెండూ ఒకే జవాబు ఇస్తాయని తేల్చాలి, అది ఏ కంపైలర్‌కీ సాధ్యం కాదు. అందుకే హాస్కెల్ ఫంక్షన్లకి ఈక్యూ, షో ఇవ్వదు. కంపైలర్ నిన్ను అడ్డుకున్నప్పుడు అది చెప్పాలనుకున్న మాట ఒకటి ఉంది: పార్సర్ నుంచి నువ్వు బయటికి తీస్తున్నది చూడదగ్గ వస్తువు కాదు. నువ్వు ఆ మాట వినకుండా టెస్టునే తేలిక చేశావు.

పార్సర్ పని చీటీలో ఏముందో చెప్పడం. తరుగు ఎంతో లెక్కకట్టడం దాని పని కాదు. తరుగుని మామూలు డేటాగా రాయి. శాతం అనే కన్‌స్ట్రక్టర్ (విలువని తయారుచేసే పేరు), దానికో సంఖ్య. కిలోలు అనే కన్‌స్ట్రక్టర్, దానికో సంఖ్య. లేదు అని మరొకటి. లెక్కకట్టే ఫంక్షన్ పక్కన విడిగా ఉంటుంది, బరువునీ తరుగునీ తీసుకుంటుంది. అప్పుడు డిరైవింగ్ ఈక్యూ, షో రెండూ వాటంతట అవే వస్తాయి. పార్సర్‌కి వేరే టెస్టులు, లెక్కకి వేరే టెస్టులు.

ఇన్‌పుట్: తోతాపురి 1240 9 3%
రావలసింది: రైట్ (లోడు "తోతాపురి" 1240 9 (శాతం 3))

ప్రతి టెస్టూ ఇలా పూర్తి విలువతో ఉండాలి. సగం విలువ చూసి వదలకు.


రేణిగుంట_విద్యార్థి
జూన్ 15, రాత్రి 10:02

అన్నా, ఎర్రర్లని కూడా ఇలాగే పోల్చాలా? లెఫ్ట్ లోపల ఉన్న పార్స్‌ఎర్రర్‌కి ఈక్యూ లేదని ఎక్కడో చదివాను.


కపిలతీర్థం_లాంబ్డా
జూన్ 15, రాత్రి 10:20

పాత పార్సెక్‌లో లేదు, తరువాత చేర్చారు. అయినా ఎర్రర్ వాక్యం మొత్తాన్ని పోల్చొద్దు. లైబ్రరీ మారి ఒక మాట అటూ ఇటూ అయితే టెస్టులన్నీ ఫెయిల్ అవుతాయి, పార్సర్‌లో తప్పేమీ లేకపోయినా. విఫలమైందా, ఏ వరుసలో, ఏ కాలమ్‌లో అన్నవరకు చూస్తే చాలు. మెగాపార్సెక్ (పార్సెక్ లాంటి ఇంకో లైబ్రరీ) వాడేవాళ్ళకి హెచ్‌స్పెక్ మెగాపార్సెక్ అనే తోడు లైబ్రరీ ఉంది. షుడ్‌పార్స్, షుడ్‌ఫెయిల్‌ఆన్ లాంటివి అందులో సిద్ధంగా దొరుకుతాయి. పార్సర్ ఆగాక మిగిలిన పాఠ్యం ఏమిటో చూసే సక్సీడ్స్‌లీవింగ్ కూడా ఉంది. మన చీటీ కథకి సరిగ్గా అదే కావలసింది.


మామిడి_లెక్క
జూన్ 17, రాత్రి 12:30

రెండు రాత్రులు కూర్చున్నాను. తరుగుని డేటా చేశాను. 31 టెస్టుల్లోనూ పూర్తి విలువలు చేత్తో రాశాను, అన్నీ ఈఓఎఫ్‌తో నడుస్తున్నాయి.

6 ఫెయిల్ అయ్యాయి. ఇంతకుముందు పాస్ అయినవే.

నాలుగింటిలో రేటు 9.50 లాంటిది. నా పార్సర్ 9 చదివి చుక్క దగ్గర ఆగుతోంది. ఈఓఎఫ్ లేనప్పుడు తరుగు లేని లోడు కాబోలు అనుకుని రైట్ ఇచ్చేసేది. యాభై పైసలూ పోయాయి, వెనకాల ఉన్న తరుగూ పోయింది. మొన్నటి 17 వరుసల్లో రేట్లన్నీ నిండు రూపాయలు కాబట్టి అక్కడ బయటపడలేదు. మిగతా రెండూ కిలోల తరుగువి. శాతం కోసం రాసింది కాపీ చేసి కిలోలకీ అదే సూత్రం ఉంచేశాను. 25 కిలోలు తీసెయ్యాల్సిన చోట 25 శాతం తీసేస్తోంది. ఫంక్షన్ లోపల దాక్కుని ఉండడంతో ఇన్నాళ్ళూ నాకు కనబడలేదు. ఒక రైతు లోడులో పావు వంతు పోయేది. రాస్తుంటే చేతులు వణుకుతున్నాయి.

రెండూ సరిచేశాను. రేటుని పైసల్లో పూర్ణాంకంగా పెట్టుకున్నాను, 9.50 అంటే 950. డబుల్ (దశాంశ సంఖ్యల టైపు) వాడితే దశాంశాలు కచ్చితంగా కూడవని ఒక సీనియర్ ఎప్పుడో చెప్పిన మాట గుర్తుంది.

పేరుకి మాత్రం లెటర్ తీసేసి, స్పేస్ కానిది ఏదైనా సరే అని పెట్టాను. 43కి 43 వచ్చాయి. మొత్తం మామ పుస్తకంతో కలిసింది. అయితే రకాల వారీ పట్టికలో బేనిషాన్ రెండుసార్లు వస్తోంది. రెండు వరుసలు, రెండు మొత్తాలు. పేర్లు పక్కపక్కన పెట్టి ఎంత చూసినా తేడా కనబడడం లేదు.


పద్మావతీపురం_టెస్టర్
జూన్ 17, ఉదయం 7:00

ఆ రెండు పేర్లనీ ఒక టెస్టులో ఒకదానితో ఒకటి పోల్చి, ఫెయిల్ అయినప్పుడు హెచ్‌యూనిట్ చూపించే రెండు వరుసలనీ ఇక్కడ పెట్టు. నంబర్లని అందంగా మార్చకు, ఉన్నవి ఉన్నట్టే కావాలి.


మామిడి_లెక్క
జూన్ 17, ఉదయం 7:25

రావలసింది: "\3116\3143\3112\3135\3127\3134\3112\3149"
వచ్చింది: "\3116\3143\3112\3135\3127\3134\3112\3149\8204"


బంగారుపాళ్యం_బిడ్డ
జూన్ 17, ఉదయం 7:31

చివరి 8204 చూడు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు లేదు, కంటికి కనబడదు. పొల్లు తరువాత వచ్చే హల్లు ఒత్తుగా మారకుండా విడిగా నిలబడాలంటే మధ్యలో దీన్ని పెడతారు. 'లోడ్‌కి' అని రాసినప్పుడు డ్ కింద క ఒత్తు పడకుండా ఆపేది ఇదే. కొన్ని కీబోర్డులు పొల్లుతో ముగిసే మాట చివర కూడా దాన్ని వదిలేస్తాయి. ఆ అబ్బాయి ఫోన్ కీబోర్డు ఒక్కోసారి అలా చేసి ఉంటుంది.

ఇది స్పేస్ కాదు, అక్షరం కాదు, మార్కూ కాదు. ఈజ్‌స్పేస్, ఈజ్‌ఆల్ఫా, ఈజ్‌మార్క్ మూడూ దీనికి ఫాల్స్. స్పేస్ కానిది ఏదైనా తీసుకోమన్నావు కాబట్టి లోపలికి వచ్చేసింది. నన్నడిగితే పేరు పార్సర్‌లో ఈజ్‌ఆల్ఫా లేదా ఈజ్‌మార్క్ అయినవాటిని ఉంచి, 8204ని అక్కడే పారేయాలి. వాకిట్లోనే ఆపేస్తే ఇంట్లోకి రాదు.


కపిలతీర్థం_లాంబ్డా
జూన్ 17, ఉదయం 8:15

ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. పార్సర్ చీటీకి నమ్మకంగా ఉండాలి. గుమాస్తా రాసింది ఏమిటో అదే చెప్పాలి. ఇది పారెయ్, అది కలుపు అని మొదలుపెడితే రేపు ఇంకొకటి వచ్చి చేరుతుంది. తోతాపురినే మనవైపు కొందరు బెంగళూర అంటారు. అది కూడా పార్సరే కలపాలా? పార్సర్ ముందు చదవాలి, ఆ తరువాత పేర్లని ఒకే రూపానికి తెచ్చే ఫంక్షన్ వేరేగా ఉండాలి. రెండిటికీ విడివిడిగా టెస్టులు. ఏది తప్పిందో అప్పుడే తెలుస్తుంది.


బంగారుపాళ్యం_బిడ్డ
జూన్ 17, ఉదయం 9:02

అన్నా, బెంగళూర, తోతాపురి అనేవి రెండు పేర్లు. చదివేవాళ్ళకి తేడా కనబడుతుంది. వాటిని కలపడం అర్థానికి సంబంధించిన నిర్ణయం, అది మండీ వాళ్ళే చెప్పాలి. 8204 అలాంటిది కాదు, మాట చివర దాన్ని చదివేవాళ్ళు ఎవరూ ఉండరు. ఆ రెంటినీ ఒకే గాటన కట్టలేను.

అయితే మీ మాటలో ఒకటి ఒప్పుకుంటున్నాను. మాట మధ్యలో దాన్ని తీసేస్తే రూపం మారుతుంది. రాజ్‌కుమార్ అనే రైతు పేరులోంచి తీసేస్తే రాజ్కుమార్ అవుతుంది. చీటీ మళ్ళీ ప్రింట్ చేసి ఆయన చేతికి ఇచ్చినప్పుడు తన పేరు అలా కనబడడం మర్యాద కాదు. కాబట్టి చూపించడానికి రాసింది రాసినట్టు ఉంచాలి, పోల్చడానికి మాత్రం తీసేసిన రూపం వాడాలి.


మామిడి_లెక్క
జూన్ 17, మధ్యాహ్నం 2:10

అక్కా, అన్నా, ఇద్దరి మాటా తీసుకున్నాను. పార్సర్ పేరులో ఈజ్‌ఆల్ఫా, ఈజ్‌మార్క్ అయినవాటినీ 8204నీ మాత్రమే తీసుకుని, రాసినట్టే ఇస్తుంది. ఆ తరువాత 'తాళం' అనే ఫంక్షన్ 8204 తీసేసిన రూపం ఇస్తుంది, పట్టిక ఆ రూపంతోనే కూడుతుంది. చూపించేటప్పుడు మొదటిసారి రాసిన పేరే చూపిస్తుంది. బెంగళూర సంగతి మామనే అడిగాను. వేరేగానే ఉంచమన్నాడు, ఏ రైతు ఏ పేరు చెప్తే చీటీలో అదే ఉండాలట.

బేనిషాన్ ఇప్పుడు ఒకటే వరుస.


పాఠాల_సార్
జూన్ 18, సాయంత్రం 6:45

పూర్తి విలువతో పోల్చే టెస్టులు వచ్చాయి కాబట్టి ఇక క్విక్‌చెక్ గురించి చెప్పవచ్చు. 2000లో కోయెన్ క్లాసెన్, జాన్ హ్యూస్ తెచ్చిన పద్ధతి ఇది. ఉదాహరణలు మనం రాయం, ఎప్పుడూ నిలబడవలసిన నియమం రాస్తాం. అది వందల కొద్దీ ఇన్‌పుట్లు తనే పుట్టించి ఆ నియమం ఎక్కడ తప్పుతుందో వెతుకుతుంది. దొరికిన తప్పుని కుదించి, అతి చిన్న ఉదాహరణగా చూపిస్తుంది.

పార్సర్లకి మొదటి నియమం రానుపోను ప్రయాణం. ఒక లోడుని చీటీ వరుసగా రాసే ఫంక్షన్ ఒకటి ఉండాలి. ఏ లోడునైనా వరుసగా రాసి, దాన్ని పార్సర్‌కి ఇస్తే అదే లోడు తిరిగి రావాలి. తిరగేసి మాత్రం ఈ నియమం పెట్టకండి. చీటీని చదివి మళ్ళీ రాస్తే అదే చీటీ రాకపోవచ్చు, గుమాస్తా రెండు స్పేసులు పెట్టిన చోట మనం ఒకటే పెడతాం.

ఒక హెచ్చరిక. రాసే ఫంక్షన్, చదివే పార్సర్ రెండూ ఒకే మనిషి ఒకే అపోహతో రాస్తే రానుపోను సాఫీగా జరిగిపోతుంది. కిలోలని శాతంగా రాసి, శాతాన్ని కిలోలుగా చదివితే ఈ నియమం పట్టుకోలేదు. మన అబ్బాయి చేత్తో రాసిన విలువలే దాన్ని పట్టుకున్నాయి. కాబట్టి ఒకటి వచ్చిందని రెండోది తీసేయకూడదు.

ఇన్‌పుట్లు పుట్టించే చోటా ఆలోచించాలి. పేర్లు ఇంగ్లీషు అక్షరాలతో మాత్రమే పుట్టిస్తే పది వేలసార్లు నడిపినా ఓత్వం రాదు. అసలైన రకాల పేర్ల జాబితా ఇచ్చి, అందులోంచి ఎంచుకోమనండి. దాంతోపాటు రెండో నియమం: పేరులో ఏ పొల్లు తరువాత 8204 చేర్చినా 'తాళం' రూపం మారకూడదు.


రేణిగుంట_విద్యార్థి
జూన్ 18, రాత్రి 8:30

సార్, ఇది మా పాఠంలో ఉంటే ఎంత బాగుండేది. నేను మెగాపార్సెక్‌తో ఇదే వరుసకి పార్సర్ రాస్తూ కూర్చున్నాను. పేరు దగ్గర పొరపాటున సమ్ (మెనీవన్‌కి మెగాపార్సెక్‌లో పేరు) బదులు మెనీ పెట్టి, మిగతావన్నీ కూడా ఆప్షనల్ (లేకపోయినా సరే) చేశాను. ప్రోగ్రామ్ ఆగకుండా తిరుగుతూనే ఉంది, ఫ్యాన్ మోత మోగింది.


కపిలతీర్థం_లాంబ్డా
జూన్ 18, రాత్రి 8:44

ఏమీ తినకుండా విజయం చెప్పే పార్సర్‌ని మెనీ లోపల పెట్టావు. ప్రతిసారీ విజయమే, ముందుకి మాత్రం కదలదు. పార్సెక్ ఆ సందర్భాన్ని గుర్తుపట్టి ఎర్రర్ ఇచ్చి పడిపోతుంది, మెగాపార్సెక్ అలా చూడదు. ఖాళీ వరుసకి ఒక టెస్టు రాసి, దానికి టైమ్‌ఔట్ పెట్టుకో.


పద్మావతీపురం_టెస్టర్
జూన్ 18, రాత్రి 10:15

పదకొండేళ్ళుగా టెస్టింగ్ చేస్తున్నాను, హాస్కెల్ నాకు కొత్త. అయినా ఈ చర్చలో రాని ఒక మాట నాకు ముఖ్యం.

చదవకూడనివి చదవలేదని కూడా టెస్ట్ చెయ్యాలి. రేటు లేని వరుస, బరువు స్థానంలో మాట ఉన్న వరుస, మధ్యలో తెగిపోయిన చీటీ. వీటికి లెఫ్ట్ రావాలి, సరైన వరుస నంబర్‌తో రావాలి. ఇక్కడ ఒకటి గమనించాను: పార్సెక్ స్పేసెస్ కొత్త లైన్‌ని కూడా మింగేస్తుంది. రేటు లేని వరుసలో బరువు తరువాత లైన్ దాటేసి, తప్పు కింది వరుసలో ఉందని చెప్తుంది. గుమాస్తాకి తప్పు వరుస చూపిస్తే అతను సరిగ్గా ఉన్నదాన్ని పాడుచేస్తాడు. వరుస లోపలి ఖాళీకి వేరే పార్సర్ పెట్టు, అది స్పేసు, ట్యాబు మాత్రమే తినాలి.

గోల్డెన్ టెస్టుల గురించి ఎవరైనా చెప్తారేమో, ముందే నా మాట చెప్తున్నాను. పాత ఔట్‌పుట్‌ని ఫైల్‌లో దాచి, కొత్తదాన్ని దాంతో పోల్చడం పెద్ద ఫలితాలకి సౌకర్యమే. కానీ ఆ పాత ఔట్‌పుట్ సరైనదని ఎవరు చూశారు? ఈ తమ్ముడు జూన్ 13 రాత్రి గోల్డెన్ ఫైల్ చేసి ఉంటే, ఆ 17 లోడ్లే ఇవాళ్టికీ సరైన జవాబుగా నిలబడి ఉండేవి. మనకి దానికన్నా మంచి సాక్ష్యం ఉంది, మామ పుస్తకం. పార్సర్‌తో సంబంధం లేకుండా, వేరే మనిషి, వేరే చేత్తో కట్టిన మొత్తం. ప్రతి పాత చీటీనీ ఒక టెస్టు చెయ్యి. వరుసల సంఖ్యా లోడ్ల సంఖ్యా ఒకటి కావాలి, మొత్తం పుస్తకంలో మొత్తానికి కలవాలి.


మామిడి_లెక్క
జూన్ 20, రాత్రి 10:50

అక్కా, జూన్ 1 నుంచి ఉన్న చీటీలన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, పుస్తకంలో మొత్తాలు ఎక్కించాను. రెండు తేదీలు ఫెయిల్ అయ్యాయి.

జూన్ 9 చీటీలో ఆఖరి వరుసల్లో కొన్న ఊరి పేరు కూడా రకంతో కలిపి రాశాడు, 'నీలం-చెన్నై' అని. మధ్యలో గీతని పేరులో ఒప్పుకుని అది సరిచేశాను. వరుసలన్నీ వచ్చాయి, కానీ పట్టికలో మళ్ళీ రెండు చెన్నైలు. ఒకదాంట్లో చివర 3144 ఉంది, ఇంకోదాంట్లో 3142, 3158 అని రెండు ఉన్నాయి. 8204 ఎక్కడా లేదు.


బంగారుపాళ్యం_బిడ్డ
జూన్ 20, రాత్రి 11:08

ఐత్వం అది. 3144 ఒక్కటే ఐత్వం. 3142 అంటే ఎత్వం, 3158 దాని కింద వేలాడే ఐ గుర్తు. రెండూ కలిపినా ఐత్వమే, యూనికోడ్ ఈ రెండు రూపాలూ సమానమని చెప్తుంది. తెలుగులో ఇలా రెండు రూపాలున్న గుర్తు ఇదొక్కటే. 'తాళం' ఫంక్షన్‌లో 8204 తీసే ముందు ఎన్‌ఎఫ్‌సీ (సమానమైన రూపాలని ఒకటి చేసే యూనికోడ్ ప్రామాణిక) రూపంలోకి మార్చు, యూనికోడ్ ట్రాన్స్‌ఫార్మ్స్ అనే ప్యాకేజీలో ఉంది. క్విక్‌చెక్‌కి మూడో నియమంగా కూడా చేర్చు.


పద్మావతీపురం_టెస్టర్
జూన్ 20, రాత్రి 11:15

రెండో తేదీ ఏది?


మామిడి_లెక్క
జూన్ 20, రాత్రి 11:40

ఐత్వం సరిపోయింది, జూన్ 9 పాస్ అయింది. థాంక్స్ అక్కా.

రెండోది జూన్ 6. 33వ వరుస దగ్గర ఆగింది. స్పేసెస్ మార్చాను కాబట్టి సరిగ్గా 33 అనే చెప్పింది, 34 అనలేదు. నీలం 860 అని రాసి, రేటు రాయలేదు. ముందు నా పార్సర్ మీదే అనుమానం వచ్చి గంటసేపు వెతికాను. తరువాత పుస్తకం ఫోటో తెరిచి చూస్తే అక్కడా ఆ గడి ఖాళీగానే ఉంది. మామ కూడిన మొత్తంలో ఆ లోడు లేదు. ఇప్పుడే ఫోన్ చేశాను. ఆ రైతుది పులిచెర్ల వైపు అట, పొద్దున్నే కనుక్కుని డబ్బు పంపిస్తానన్నాడు.